మన బాటలకు తగిన చక్రపాదుకలు



ఒకే వరుసలో చక్రములు గల స్కేట్లను గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. చక్రములతో కూడిన పాదుక గనుక దీనిని చక్రపాదుక యనుచున్నాను, మధ్యమపదలోపి సమాసము. వ్యాకరణము చెప్పిన నోట యంత్రముల మాటయేల యని కొందఱు నవ్వవచ్చును. తాటికాయలకు పుల్ల గ్రుచ్చి బండి తోలిన నల్లగొండ బాలురకు చక్రము చిన్ననాటి చుట్టమే గదా!

ఈ వరుస చక్రముల పద్ధతి క్రొత్తది కాదు. 1823లో లండనులో రాబర్టు టయర్సు ఐదు చక్రములను ఒకే వరుసలో నిలిపి పేటెంటు పొందెను. 1863లో అమెరికాలో ప్లింప్టను రెండేసి చక్రములను ప్రక్కప్రక్కన కూర్చిన పిదప అది మఱుగుపడెను. 1980 ప్రాంతమున మినియాపొలిసులో ఓల్సను సోదరులు దానిని మరల వ్యాప్తికి దెచ్చిరి. మన హైదరాబాదు వాడైన అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలందు స్కేటింగులో రెండు కాంస్యపతకములు గెలిచెను. అట్టి పోటీల నేల అద్దమువలె నునుపుగా నుండును.

మన మెట్టసీమ బాట అట్టిది కాదు. అడుగున కంకర తేలిన తారు, దానిపై చల్క నేలల ఎఱ్ఱ యిసుక. బజారున దొరకు పాదుకలకు సామాన్యముగా 80 మిల్లీమీటర్లకు మించని చక్రములు నాలుగుండును. 5 మిల్లీమీటర్ల ఎత్తు గల రాయి అడ్డుపడినచో, 80 చక్రము మెల్లగా దానిపైకెక్కుటకు తాను మోయు భారములో నూటికి 55 పాళ్ల బలము కావలెను; 110 చక్రమునకు 46 పాళ్లు చాలును. ఆ బలము చాలనపుడు చక్రము నిలిచిపోవును, పిల్లవాడు ముందునకు బోర్లపడును. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన తరములను జూచిన నల్లగొండవారికి ఎముక విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

కావున చట్రమును మార్పవలెను. మొదటి యిరుసునుండి కడపటి యిరుసునకు 243 మిల్లీమీటర్ల నిడివి గలచోట నాలుగు 80 చక్రములకు మాఱుగా మూడు 110 చక్రములు ఇముడును. చట్రము రివెట్లతో బిగిసిన చౌకరకముల జోలికి పోరాదు. మరలతో బిగించినవే పనికివచ్చును. మిర్యాలగూడ వంటి మిల్లుల యూళ్లలో లేతు పనివారికి కొదువలేదు. చట్రపు రెండు ప్రక్కల రేకులను జతగా బిగించి ఒక్కసారియే రంధ్రములు తొలిపింపుడు. విడివిడిగా తొలిచినచో ఇరుసులు వంకరబోయి పాదుక ఒకవైపునకే లాగును.

ప్రతి చక్రమునకు రెండు బేరింగులుండును: లోరంధ్రము 8, వెలుపలి వ్యాసము 22, మందము 7 మిల్లీమీటర్లు. రెంటి నడుమ గొట్టపు ముక్కను మఱువరాదు. అది లేనిచో ఇరుసు బిగించినకొలది బేరింగులు నొక్కుకొని చక్రము తిరుగదు. రబ్బరు మూత గల బేరింగులే మన దుమ్మునకు మేలు. మెత్తని చక్రము అదురును మ్రింగును గాని త్వరగా అరుగును. అయినను మన కంకరకు నేను మెత్తనిదే మేలందును.

ఇక బ్రేకు. పెద్ద చక్రములతో పాదము 15 మిల్లీమీటర్లు పైకి లేచును. చీలమండను గట్టిగా పట్టు ఎత్తైన బూటు కావలెను. మడమవెనుకనున్న పాత రబ్బరు బ్రేకును ఉన్నచోటనే యుంచినచో నేలకు అందదు. దానినిగూడ అంతమేర దింపి బిగింపవలెను. బ్రేకు దింపించువఱకు మా మనుమనికి పాదుకలీయనంటిని. వాడు రెండునాళ్లు నాతో మాటాడలేదు. మూడవనాడు ఉదయమున పాదుకలను సంచిలో వేసికొని లేతు షాపునకు తానే నడచెను.