కాపాడుట, విడిచిపెట్టుట



శ్రీమద్భాగవతం పంచమ స్కంధంలోని భరత మహారాజు కథ మనమందరం విన్నదే. రాజ్యం విడిచి గండకీ తీరాన తపస్సు చేసుకొంటున్న ఆయన ఎదుట, సింహగర్జనకు బెదరిన నిండు చూలాలైన లేడి ఏటిమీదుగా దూకింది. పిల్ల నీటిలో జారిపడింది, తల్లి ప్రాణాలు విడిచింది. భరతుడు ఆ పిల్లను ఒడ్డుకు చేర్చాడు. అంతవరకు పరమధర్మమే. అటుపిమ్మట అది 'నాది' అనుకొన్నాడు. జపం తప్పింది, అనుష్ఠానం తప్పింది. అవసానకాలంలో లేడినే తలచి లేడియై జన్మించాడు.

"దయ చూపినందుకు శిక్షయా స్వామీ?" అని కొందరు మమ్మడుగుతుంటారు. కాదు. ఆయనను బంధించినది దయ కాదు, మమకారం.

2024 ఏప్రిల్ చివర శంషాబాదు విమానాశ్రయ ప్రాంగణంలోకి ఒక చిరుతపులి వచ్చింది. అటవీశాఖవారు బోనులు, కెమెరాలు అమర్చి, దినముల తరబడి ఓపికతో కాచి, మే మొదటివారంలో దానిని పట్టుకొన్నారు. హైదరాబాదు జంతుప్రదర్శనశాలకు చేర్చి, పిమ్మట నల్లమల అడవిలో విడిచిపెట్టారు. పట్టుటలో నేర్పున్నది, విడుచుటలో ధర్మమున్నది.

మన చేరువలో అట్టి భాగ్యం లేకపోయింది. 2020లో మర్రిగూడ మండలంలో తీగలో చిక్కుకొన్న చిరుతను విడిపించినా అది బ్రతుకలేదు. అడవిపందుల కొరకు పొలాల్లో బిగించే ఉచ్చుకు ఏ ప్రాణి చిక్కుతుందో బిగించినవానికే తెలియదు. పంట కాపాడుకొనుట రైతు హక్కే. అయినా ఉచ్చు దానికి మార్గం కాదు.

నల్లమల మన దేవరకొండకు దూరం కాదు. చెంచులక్ష్మిని వరించిన నరసింహస్వామి విహరించిన వనమని పెద్దలు చెప్పుకొనే అడవి అది. సింహముఖంతో అవతరించిన స్వామికి పానకం నివేదించి, ఆయన వనంలోని ప్రాణిపై రాళ్లు రువ్వితే ఆ పూజ ఎవరికి చేరుతుంది?

కనుక దారితప్పిన వన్యప్రాణి ఊరిలోకి వస్తే గుమికూడవద్దు, తరుమవద్దు. అది వెళ్లే దారిని మూయక, దూరంగా నిలిచి అటవీశాఖవారికి తెలుపుదాం. నెమలిపిల్లయో జింకపిల్లయో దొరికితే ముద్దుగా ఉన్నదని ఇంట కట్టివేయవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ అందుకు సమ్మతించదు.

చేయి చాచి రక్షించుట సగం పుణ్యం. ఆ చేతినే తెరచి పంపివేయుట తక్కిన సగం. ఆ రెండవ సగం కొరకే భరతుడు మరి రెండు జన్మలెత్తవలసి వచ్చింది. మనకు ఈ జన్మలోనే అది అలవడునట్లు స్వామి అనుగ్రహించుగాక!

స్వస్తి.