ఎప్పుడు చెడిందంటారు?

నేను కంప్యూటర్ల మనిషిని. ముసఫ్ఫా ఫ్యాక్టరీల్లో సాఫ్ట్‌వేర్ పెడతాను, అది నడవని రోజున తిట్లు తింటాను. "రాజకీయాల మీద మాట్లాడటానికి మీకేం అర్హత ఉంది?" అని మా ఆవిడ అడిగింది. ఎనిమిదేళ్లుగా టీ కొట్టు దగ్గర కూర్చుని వింటున్నాను, ఆ అర్హత చాలదా అన్నాను.

షాబియాలో మా బిల్డింగు కింద ఒక మలయాళీ కఫ్టీరియా ఉంది. సెలవు సాయంత్రం మనవాళ్లం నలుగురైదుగురం చేరతాం. ఒకప్పుడు శుక్రవారం, 2022లో ఇక్కడి వారాంతం మారాక ఆదివారం. ఎవరో ఒకరు ఫోన్లో ఊరి వార్త చూపించి "పాడైపోయిందండీ" అంటారు. ఒకరోజు నేను ఊరుకోలేక, "సరే, ఏ సంవత్సరంలో పాడైందో చెప్పండి" అన్నాను. ఆ రాత్రి ఎవరూ వేళకి అన్నం తినలేదు.

జగిత్యాల వెల్డరన్న వెంటనే, "56ల కలిపిన్నాడే చెడింది తమ్మీ" అన్నాడు. ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, నవంబరు 1న రాష్ట్రం వచ్చింది, ఒప్పందం కాయితం మీదనే ఉండిపోయింది, 69లో పిల్లలు రోడ్డెక్కారు అని వరసగా చెప్పాడు. "నువ్వు చూశావా అన్నా?" అంటే, "నేనేడ చూస్త? మా నాయిన చెప్పిండు" అన్నాడు.

రాయచోటి క్రేన్ ఆపరేటరుకి తేదీతో సహా తెలుసు. 2009 సెప్టెంబరు 2, రాజశేఖర్‌రెడ్డిగారి హెలికాప్టర్ కూలిన రోజు. "ఆ పొద్దుతో అయిపాయ సామీ" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన అకౌంటెంట్ బాబాయి మాత్రం 2014 ఫిబ్రవరి అన్నాడు. లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన నెల, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా విభజన బిల్లు పాసైన నెల. వెల్డరన్నకి మంచి రోజులు మొదలైంది ఆ నెలతోనే! ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు.

నాతో పనిచేసే లక్నో అతను మటుకు అనుమానమే లేదు, 1975 ఎమర్జెన్సీ అంటాడు. ఉత్తరాదిన అది నిజమే కావచ్చు. కానీ 1977లో ఉత్తరాదంతా ఇందిరాగాంధీని ఓడిస్తుంటే మన ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లకి 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. మిగిలిన ఒక్కటీ నంద్యాలలో సంజీవరెడ్డిగారిది. ఈ లెక్క చెబితే అతను నమ్మలేదు, ఫోన్లో వెతుక్కుని నమ్మాడు.

ఇవన్నీ వింటుంటే నాకొకటి అనిపించింది. ఎవరూ దేశం చెడిన సంవత్సరం చెప్పడం లేదు. తమకి దెబ్బ తగిలిన సంవత్సరమో, తండ్రి చెప్పిన సంవత్సరమో చెబుతున్నారు. నా సంవత్సరం కూడా అలాంటిదే.

నాది 1995. మా నాన్న వల్ల.

మాది కోనసీమ. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిని చేసినప్పుడు నాన్న అమలాపురంలో ఊరేగింపుకి వెళ్లి, చెప్పులు తెగిపోతే ఉత్తికాళ్లతో ఇంటికొచ్చాడట. నెల రోజుల్లో, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ గద్దెక్కారు. ఆ నెలంతా ఎమ్మెల్యేలు జారిపోకుండా రామకృష్ణా స్టూడియోలోనూ, తరవాత కర్ణాటకలోనూ కాపలా పెట్టారు. అంటే క్యాంపు రాజకీయం మనకి అలవాటైంది మంచి పనికే! పదకొండేళ్ల తరవాత అదే ఎన్టీఆర్‌ని దించడానికి ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో కూడారు. ఈసారి చెప్పులు తెగలేదు. నాన్న పేపరు మడిచి, "వాళ్లింటి గొడవలే" అన్నాడు. నేను అప్పటికి చిన్నవాణ్ణి, కానీ ఆ మాట గుర్తుంది.

చట్టాలు లేవని కాదు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. మూడోవంతు మంది కలిసి చీలితే తప్పులేదన్నారు. 2003లో ఆ వెసులుబాటు తీసేసి, మూడింట రెండొంతులు విలీనమయ్యే దారి మాత్రం ఉంచారు. తేల్చేది స్పీకరు. 2014 తరవాత ఆంధ్రాలో వైసీపీ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు. 2019లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఏ ఊళ్లోనూ ఎవరి చెప్పులూ తెగినట్టు నేను వినలేదు. మాటల సందర్భంలో వెల్డరన్న, బాబాయి ఒప్పుకున్నది ఈ ఒక్క విషయమే.

ఇక్కడిదాకా బాగానే ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు చెప్పేది కఫ్టీరియా దగ్గర ఇంతవరకూ చెప్పలేదు.

మన ప్రవాసులకి ఓటుంది, 2010లో చట్టం సవరించారు. కాకపోతే పాస్‌పోర్టు పట్టుకుని ఊళ్లో బూతుకి మనమే వెళ్లాలి. 2024 మే 13 పోలింగుకి నేను వెళ్లాను. లీవు పెట్టి, టికెట్టుకి పదిహేను వందల దిర్హాములు పోసి, వెళ్లేముందు అందరికీ చెప్పి మరీ వెళ్లాను.

ముందురోజు రాత్రి ఇంట్లో టీవీ మీద ఒక కవరు చూశాను. మూడు ఓట్ల డబ్బు. అమ్మది, నాన్నది, నాది. నేను వస్తున్నానని ఊళ్లో అందరికీ తెలుసు కదా, లెక్కలో వేసుకున్నారు. ఎవరిచ్చారో ఇక్కడ అనవసరం.

"ఎందుకు తీసుకున్నావు నాన్నా?" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "వద్దంటే అవతలోళ్ల మనిషని రాసుకుంటార్రా. రేపు పింఛనుకో, బోదె నీళ్లకో వాళ్ల దగ్గరికే వెళ్లాలి. నువ్వు ఎల్లుండి విమానం ఎక్కుతావు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చెప్పులు తెగేదాకా నడిచిన మనిషిని విమానం ఎక్కే నేను నిలదీయడం నాకే బాగోలేదు.

నా వాటా వెనక్కి ఇచ్చేద్దామన్నాను. "ఎవరికిస్తావు?" అన్నాడు. నిజమే, తెచ్చిన కుర్రాడు మా ఎదురింటి వాడే, నన్ను అన్నయ్యా అంటాడు. పొద్దున్నే ముగ్గురం వెళ్లి ఓటేశాం. ఎవరికి వేశామో ఒకరినొకరం అడగలేదు.

కవరు అమ్మ బీరువాలో పెట్టింది. మొన్న ఫోన్లో అడిగితే, నా వంతు అలాగే ఉందంది, ఖర్చు పెట్టలేదట. వచ్చే ఆదివారం బాబాయి మళ్లీ 2014 అంటాడు, అన్న 56 అంటాడు. నా 1995 సంగతి వాళ్లకి ముందే తెలుసు. ఈ ప్రసారం వింటే కవరు సంగతి కూడా తెలుస్తుంది. విననివ్వండి.