అడవి గొడుగు - దాని వృద్ధిక్షయములు



ఈ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన శుభసమయమున, అంతకాలములో అడవి యెంత మారునో నాలుగు మాటలు విన్నవింతును.

చెట్ల కొమ్మలును, ఆకులును కలిసి నేలపై పట్టు గొడుగును భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు 1987 నుండి ఉపగ్రహ చిత్రములతో కొలిచి, రమారమి రెండేండ్లకొకసారి ప్రకటించుచున్నారు. నేలలో నూటికి 70 పాళ్లు, అంతకు మించి కప్పబడినచో అది మిక్కిలి దట్టమైన అడవి. 40 నుండి 70 లోపు మధ్యరకము. 10 నుండి 40 లోపు పలుచని అడవి.

మన మోర్తాడు ప్రాంతమున మనమెరిగిన టేకు, నల్లమద్ది, తునికి ఆకు రాల్చు చెట్లు. వేసవిలో చూచినవారు అడవి నశించెనందురు. తొలకరికి అదియే పచ్చబడును. కావుననే కొలతకు వానలు వెనుకబడిన పిదప తీసిన చిత్రములను గ్రహింతురు.

పడమటి కనుమలలోని వాన అడవులు ఏడాది పొడుగునను పచ్చనివే. అచ్చట మహావృక్షము కూలినచో గొడుగునకు చిల్లు పడును. ఆ వెలుతురున త్వరగా పెరుగు చెట్లు లేచి కొన్ని యేండ్లలో దానిని పూడ్చును. అంతమాత్రమున పూర్వపు అడవి వచ్చినట్లు కాదు. అమెరికా ఉష్ణమండలమునను, పశ్చిమ ఆఫ్రికాలోను నరికిన పిదప తిరిగి పెరిగిన అడవులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2021లో ఇట్లు తేల్చిరి: నేల సారము 10 ఏండ్లలోపుననే చాలవరకు కోలుకొనును, అడవి ఆకారమునకు 25 నుండి 60 ఏండ్లు పట్టును, పూర్వపు జాతుల కూర్పునకు 120 ఏండ్లు దాటవలెను.

పైనుండి చేయు కొలత ఈ భేదమును చెప్పజాలదు. హెక్టారునకు తక్కువ కాని నేలలో నూటికి 10 పాళ్లు కప్పబడినచో నీలగిరి తోటయు, మామిడి తోటయు ఆ లెక్కలో అడవియే. బీరువాలోని గ్రంథములు పోగా ఒక్క పుస్తకమునకే నూరు ప్రతులుంచినచో బీరువా నిండును గాని గ్రంథాలయము నిండునా? తునికాకు మన జిల్లాలో బీడీలు చుట్టు స్త్రీలకు కూడు పెట్టు ఆకు. నీలగిరి నీడ యెంత చిక్కనైనను దాని నీయదు.

2015లో ఆరంభమైన హరితహారము రాష్ట్రమున పచ్చదనమును నూటికి 24 నుండి 33 పాళ్లకు పెంచదలచినది. మొక్కలు నాటుట మంచిదే. కాని నరికిన టేకు, తునికి మోడులు వేరు బ్రతికియున్నంత కాలము చిగిర్చును. పశువులు త్రొక్కకుండ, వేసవి నిప్పు తగులకుండ కాచినచో పలు జాతుల అడవి తానై లేచును. ఆ మోడులను పెకలించి ఒక్క జాతినే నాటుట లాభము కాదు.

కావున గొడుగు నిండెనా యని మాత్రమే అడుగక, దాని క్రింద ఎన్ని జాతుల మొలకలున్నవో వంగి చూడుడు. ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవమునాటికి మన పిల్లలు ఆ లెక్కను చదివి వినిపింపగలరని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.