మెదడుకి రేడియేషన్ అన్నారంటే ఇక ఆశ లేనట్టేనా?

“బ్రెయిన్‌కి పాకింది, రేడియేషన్ పెడదాం” అని డాక్టర్ అనగానే ఇంట్లోవాళ్ళు పేషెంట్‌ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోవడానికి రెడీ అయిపోతారు. ఆగండి. ముందు ఇది వినండి.

అమెరికా మాజీ ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్. 2015 ఆగస్టులో ఆయన లివర్‌లో గడ్డ తీస్తే మెలనోమా అని తేలింది. అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. (మనవాళ్ళలో తక్కువే. వస్తే అరికాలిలోనో, గోటి కిందో నల్ల మచ్చలా వస్తుంది, దెబ్బ తగిలిందిలే అని వదిలేస్తాం.) తర్వాత స్కాన్‌లో మెదడులో నాలుగు మచ్చలు కనిపించాయి. ఒక్కోటి 2 మిల్లీమీటర్లు, నువ్వుగింజంత. అప్పటికి ఆయనకి 90 ఏళ్ళు!

అట్లాంటాలో ఆ మచ్చలకి గురిపెట్టి రేడియేషన్ ఇచ్చారు, తోడుగా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు. డిసెంబర్ స్కాన్‌లో క్యాన్సర్ కనిపించలేదు. ఆయన 2024 డిసెంబర్‌లో, 100 ఏళ్ళ వయసులో పోయారు. వాట్సాప్‌లో క్రెడిట్ అంతా మందుకే ఇచ్చేస్తారు, రేడియేషన్ ఊసే ఉండదు. అలాగని అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. ఆయన మచ్చలు చిన్నవి, తక్కువ. ఆ మందు కూడా అందరిలో పనిచేయదు.

ఈ గురిపెట్టడం ఎలాగంటే, సన్నటి కిరణాలు చాలా దిక్కుల నుంచి వస్తాయి. ఒక్కోటీ బలహీనం, దారిలో మెదడుకి పెద్దగా హాని చేయదు. అన్నీ కలిసే చోట మాత్రం మచ్చ మాడిపోతుంది. గామా నైఫ్ అని పేరేగానీ కత్తీ లేదు, కోతా లేదు. తల కదలకుండా ఫ్రేమో, వల లాంటి మాస్కో పెడతారు. మామూలుగా ఒకటి నుంచి ఐదు సిట్టింగులు. కిరణాలు తగిలేటప్పుడు నొప్పి తెలీదు.

తల మొత్తానికి ఇచ్చే రేడియేషన్ వేరు. జుట్టు ఊడుతుంది, నీరసం, జ్ఞాపకశక్తి తగ్గొచ్చు. ఒకటి నుంచి మూడు మచ్చలున్న మెలనోమా పేషెంట్లకి, వాటికి ఆపరేషనో గురిపెట్టిన రేడియేషనో అయ్యాక, తలంతా కూడా ఇస్తే లాభం ఉందా అని ఆస్ట్రేలియా డాక్టర్ల ఆధ్వర్యంలో 200 మందికి పైగా చూశారు. 2019లో ఫలితం వచ్చింది: లాభం కనబడలేదు. మచ్చలు మరీ ఎక్కువైతే మాత్రం ఇప్పటికీ తలంతా ఇవ్వాల్సి రావచ్చు.

గురిపెట్టినదానికీ ఇబ్బందులున్నాయి. నెలల తర్వాత కూడా ఆ చోట వాపు రావచ్చు. తలనొప్పి పెరిగినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి. వాపుకి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి.

డాక్టర్‌ని ఈ మూడూ అడగండి: మచ్చలు ఎన్ని, ఎంత సైజు, గురిపెట్టి ఇవ్వొచ్చా? ఆ మెషిన్ ఈ ఆస్పత్రిలో లేకపోతే, ఎక్కడుందో కూడా అడగండి.