యథాతథపు ఒడంబడికయు, సరిహద్దు పల్లెలును

రాయబారముల కథ చెప్పువారు సాధారణముగా రాజధానులనుండియే చెప్పుదురు. ఎవరు ఎవరితో మాటలాడిరి, ఏ లేఖకు ఏ ప్రత్యుత్తరము వచ్చెను, తుదకెవరు సంతకము చేసిరి అని కథ సాగును. నైజాము ప్రభుత్వమునకును ఇండియా ప్రభుత్వమునకును 1947-48 సంవత్సరములలో జరిగిన సంప్రతింపులను గూర్చి నేనును చెప్పదలచితిని. కాని నేను నిలుచున్న తావు ఢిల్లీ కాదు, నల్లగొండ జిల్లాలో మునగాల పరగణాకు రెండు క్రోసుల దూరమున నున్న మా తాతగారి పల్లె.

మునగాలను గూర్చి ముందు కొంత చెప్పవలెను. నాలుగు దిక్కుల నైజాము నేల. నడుమ ఆ పరగణా మాత్రము కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోనిది. మావారు దానిని ‘ఇంగ్లీషు ఇలాకా’ యనెడివారు. ఒక చేనిగట్టు దాటినచో పోలీసు మారును, కచ్చేరీ భాష మారును, రూపాయి సైతము మారును. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఇంచుమించు ఆరు కల్దారు రూపాయలు వచ్చెడివి. గట్టు ఎత్తు మోకాలి బంటి.

1947 ఆగస్టు 15వ తేదీతో బ్రిటిషువారి సార్వభౌమాధికారము తొలగగానే, తాను స్వతంత్రుడనని నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ తలచెను. ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్ మొదలైనవారు ఢిల్లీతో మాటలాడి ఒక ముసాయిదా సిద్ధపరచిరి. అక్టోబరు 27వ తేదీ తెల్లవారుజామున ఇత్తెహాదు వారి మూక వారి యిండ్లను చుట్టుముట్టెను. వారు ఢిల్లీకి బయలుదేరలేదు, పదవులు వదలుకొనిరి. పిదప మొయిన్ నవాజ్ జంగు ముఖ్యుడుగా మరొక బృందము వెళ్లెను. వారు తెచ్చినదియు, ఇంతకు ముందు తిరస్కరింపబడినదియు దాదాపుగా ఒక్కటియే. నవంబరు 29వ తేదీన ‘యథాతథపు ఒడంబడిక’పై సంతకములైనవి. దాని గడువు ఒక సంవత్సరము.

అందలి అయిదు షరతులలో రెండవది నాకు మిక్కిలి ఆసక్తి కలిగించును. ఇరుపక్షముల వారును ఒకరి రాజధానిలో నొకరు ఏజెంటును నియమించుకొనవలెను. వారి విధులకు సర్వ సౌకర్యములు కల్పింపవలెను. ఆ ప్రకారము కన్నయ్యలాల్ మున్షీ 1948 జనవరిలో హైదరాబాదు చేరెను. జైన్ యార్ జంగు ఢిల్లీలో నుండెను. ఇంతకును ఈ ఏజెంటెవరు? రాయబారియా? పొరుగు దేశమునకు రాయబారి కావలెను గాని, హైదరాబాదు పరదేశమని ఢిల్లీ అంగీకరింపదు. మున్షీగారి పని వర్తక వ్యవహారములకే పరిమితమని హైదరాబాదు వారు వాదించిరి. పాత రెసిడెన్సీ భవన మాయనకు దక్కలేదు, బొలారములో బస. బస ఎక్కడ నన్న ప్రశ్నయే అంత పెద్దదైనప్పుడు, చెరసాలలో నున్నవానిని ఎవరు పోయి చూడవలె నను ప్రశ్నకు తావెక్కడిది?

ఒడంబడికలో కాందిశీకులను గూర్చి ఒక్క షరతును లేదు. ఆ కాగితముపై సిరా ఆరునప్పటికే పల్లెలు కదలుచుండెను. రజాకార్ల దాడులకు వెరచినవారు జగ్గయ్యపేటకును, బెజవాడకును పోయిరి. వాడపల్లి కడ కృష్ణ దాటి పల్నాడు చేరినవారు కలరు. పాలమూరు జిల్లావారు సోమశిల కడ పుట్టి యెక్కి కర్నూలు జిల్లాలో దిగిరి. కొందరు గద్వాల మీదుగా రైలుబండిలో పోయిరి. అందరును ఒకే భయముతో పోయినవారు కారని నిజము చెప్పవలెను. సంఘము వారిని పోలీసులు తరిమిరి. సంఘమునకు వెరచి దేశముఖులు పట్టణములలో కాపురములు పెట్టిరి. ఒకే రేవున, ఒకే పుట్టిలో, దొరయు దొర పాలేరును దాటియుండవచ్చును.

మా నాయనమ్మ ఆ వేసవిలో పసిబిడ్డ నెత్తుకొని జగ్గయ్యపేట చేరినది. కొంగున ఏడు హాలీ రూపాయలు. ఇండియా రూపాయి తమ రాజ్యమున చెల్లదని హైదరాబాదు ప్రభుత్వము శాసనము చేసియుండెను. ఇవతలి కోమటి ఆ శాసనము చదువకయే హాలీ రూపాయిని తిప్పి చూచి, ‘ఇది మాకెందుకమ్మా’ అనెనట. కరోడ్‌గిరి నాకా దగ్గర మూట విప్పి చూచిన జవాను సైతము అడుగని ప్రశ్న నొకదానిని శిబిరములో గుమాస్తా అడిగెను: ‘నీవు ఏ దేశపుదానవు?’ ఆమె తన ఊరి పేరు చెప్పినది. ఆ ప్రశ్నకు రెండు ప్రభుత్వములలో నే ప్రభుత్వమును అంతకంటె మంచి జవాబు చెప్పలేదని నా యభిప్రాయము.

వివాదములు పుట్టినచో మధ్యవర్తులు తీర్పవలెనని నాలుగవ షరతు. ఆ మధ్యవర్తులు ఎన్నడును కూర్చుండలేదు. సరిహద్దు దాడులని ఢిల్లీ, సరకుల దిగ్బంధమని హైదరాబాదు, ఉత్తరములు మాత్రము విస్తారముగా నడచినవి. ఉప్పు దొరకక పల్లెలలో జనము తల్లడిల్లిరి. రజాకార్ల సంఖ్య పెరిగెను. జూన్ నెలలో మౌంట్‌బాటను వెళ్లిపోవుటకు ముందు సిద్ధమైన తుది ముసాయిదాను నిజాము అంగీకరింపలేదు. ఆగస్టు 27వ తేదీన, ఆనాడు నల్లగొండ జిల్లాలోనిదైన బైరానుపల్లిలో బురుజు మీదనుండి పోరాడిన గ్రామస్థులను పట్టి కాల్చిరి. అంతకు ఆరు దినముల ముందే హైదరాబాదు వారు ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపియుండిరి. సెప్టెంబరు 16వ తేదీన పారిసులో అది విచారణకు వచ్చినప్పుడు, హైదరాబాదు ఒక రాజ్యమే కాదని ఇండియా పక్షమున రామస్వామి మొదలియారు వాదించెను. మరునాడు నిజాము లొంగిపోయెను. సెప్టెంబరు 13వ తేదీననే సేనలు ప్రవేశించియుండెను. బెజవాడ నుండి వచ్చిన దళము సూర్యాపేట త్రోవనే నడచెను.

మావారు ఇంటికి తిరిగివచ్చిరి. అప్పుడు మరి కొందరు ఇండ్లు విడిచిరి. వీరిని గూర్చి మన ప్రసంగములలో వినబడుట తక్కువ. పల్లెలలోని ముసల్మానులు ప్రాణభీతితో హైదరాబాదు నగరమునకు తరలిరి. పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్ గార్లు జిల్లాలు తిరిగి నివేదిక వ్రాసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికంటె నెక్కువ బాధపడినవని తెలిపిరి. ఆ నివేదిక చాలకాలము బయటికి రాలేదు. నిజాము కొలువులో తరతరములుగా నున్న అరబ్బులు, పఠానులు నిర్బంధములో పడిరి. వారిలో ఇచ్చటనే పుట్టి, దక్కనీ తప్ప వేరు మాట రానివారు కలరు. వారిని ‘స్వదేశము’నకు పంపవలెనని యోచన. అరబ్బులకు సంబంధించినంతవరకు ఏడెను ఆనాడు బ్రిటిషువారి చేతిలో నుండెను గాన, మాట వారితో నాడవలసివచ్చెను. పరదేశమున చెరపడినవాడు తన దేశపు కాన్సలుతో మాటలాడవచ్చునను నియమము 1963లో వియన్నాలో వ్రాతపూర్వకమైనది. దక్కనులో పుట్టిన అరబ్బునకు ఏ కాన్సలు వచ్చి పలుకరింపవలెనో ఆ నియమమును తేల్చియుండదు.

మునగాల పరగణా తరువాత నల్లగొండ జిల్లాలో కలిసినది. 2016 నుండి సూర్యాపేట జిల్లాలోనిది. మా నాయనమ్మ కొంగున పోయిన ఏడు రూపాయలలో అయిదు ఎట్లో చెల్లినవి. చార్మినారు ముద్ర గల తక్కిన రెండును మా ఇంట నున్నవి.