గీత అవతల కూర్చునేవాళ్లతో నాలుగు మాటలు

(స్వర్ణోత్సవాల రెండోరోజు వేంపల్లెలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

  

ముప్పైమూడేళ్లు విజిల్ ఊదిన నోరు ఇది. మైకు దీనికి అలవాటు లేదు. కాబట్టి అక్కడక్కడా గట్టిగా వినిపిస్తే కోప్పడుతున్నానని అనుకోవద్దు.

మన పూర్వ విద్యార్థుల సంఘం సాయంత్రం పూట బడి మైదానంలో ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ నేర్పిస్తున్న సంగతి మీకు తెలిసిందే. పిల్లలు పెరిగారు. పిల్లలతోపాటు పెద్దల గొడవలూ పెరిగాయి. అందుకని కమిటీవాళ్లు కూర్చొని ‘కుటుంబాలకు నియమావళి’ అని ఒక కాగితం తయారు చేసి, దాని గురించి మీకు వివరించమని నన్ను అడిగినారు. అందులో పదహారు నియమాలున్నాయి. లెక్కబెట్టినా, పన్నెండు ‘కూడదు’ అనే మాటతో ముగుస్తాయి. ఆర్టీసీ బస్సులో కూడా ఇన్ని కూడదులు రాసుండవు. కాగితం మంచిదే, కానీ కొన్నింటికి నేను ఒప్పుకోను. ఒప్పుకోనివి కూడా ఈ వేదిక మీదే చెప్తానని కమిటీకి ముందే చెప్పినా.

నాలుగో నియమం చూడండి. ‘సాధన జరిగే సమయంలో తల్లిదండ్రులకు మైదానంలోకి ప్రవేశం లేదు.’ ఎందుకు రాశారో నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఖోఖో పోటీ జరుగుతా ఉంది. ఒక పిల్లోడు ఖో అందుకొని లేచి పరిగెత్తినాడు. ఖోఖోలో లేచినవాడు ఒక దిక్కు పట్టినాక స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు, తిరిగితే ఫౌల్. ఆ నియమం పిల్లోడికి తెలుసు. గీత బయట నిలబడిన వాళ్ల నాయనకు తెలీదు. ‘రేయ్, వాడు నీ వెనకాలే ఉండాడు, తిరగరా’ అని అరిచినాడు. పదమూడేళ్ల పిల్లోడు, పుట్టినప్పట్నించీ ఆ గొంతు మాట వింటా పెరిగినోడు, తిరక్కుండా ఎట్లుంటాడు? తిరిగినాడు. ఫౌల్. ఆ తర్వాత ఆట ముగిసేదాకా వాడు ప్రతిసారీ లేచే ముందు నాయన మొగం చూడడమే. ఆ చూసే అర సెకనులో ఎదుటివాడు తప్పించుకొని పోతాడు. ఆట పోయిందని ఆ నాయనే ఇంటికిపొయ్యి వాణ్ణి తిట్టినాడట.

అయినా గేటుకు తాళం వేయడం నాకు ఇష్టం లేదు. తాళం వేస్తే మొదట ఆగిపోయేది ఆడపిల్లలు. లోపల ఏం జరుగుతుందో కనబడని చోటికి, పొద్దుగూకే వేళ, ఏ తల్లి బిడ్డను పంపిస్తుంది? పంపించకపోతే తప్పు ఆ తల్లిది కాదు. పిల్లలకు నేర్పించే చోటు ఎప్పుడూ నలుగురికీ కనబడాలి. లైంగిక దాడుల నుంచి పిల్లలను కాపాడడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. జరిగిందని తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. చట్టం జరిగినాక పనికొస్తుంది. తెరిచిన గేటు జరగకముందే పనికొస్తుంది.

కాబట్టి నేను చెప్పేది ఇది. గేటు తెరిచే ఉంటుంది. ప్రహరీ పక్క వేపచెట్టు కింద కుర్చీలు వేస్తాం. సున్నంతో ఒక గీత గీస్తాం. గీత అవతల మీరు ఎంతసేపైనా కూర్చోండి, చప్పట్లు కొట్టండి, రెండు జట్లకూ కొట్టండి. ఎట్లా ఆడాలో మాత్రం చెప్పొద్దు. ఆ సమయంలో పిల్లలకు ఒక గొంతే వినబడాలి. కోచ్ చెప్పింది తప్పని మీకనిపిస్తే ఆ రాత్రి నిద్రపొయ్యి, తెల్లారినాక వచ్చి అడగండి. రాత్రి గడిస్తే సగం ఫిర్యాదులు వాటంతటవే పోతాయని నా అనుభవం. మిగిలిన సగం నిజంగా వినాల్సినవి.

ఇంకెవరికన్నా సలహా చెప్పే అర్హత ఉందంటే పి.వి. సింధు వాళ్ల నాయనకుంది. రమణ గారు దేశం తరఫున వాలీబాల్ ఆడినాయన, అర్జున అవార్డు తీసుకున్నాయన. తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణే. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు గోపీచంద్ ఆ అమ్మాయి దగ్గర మూడు నెలలు ఫోన్ తీసిపెట్టుకున్నాడు, ఐస్‌క్రీమ్ వద్దన్నాడు. వెండి పతకం గెలిచినాక ఫోన్ తిరిగి ఇస్తానని ఆయన చెబితే దేశమంతా నవ్వుకుంది. ఆ మూడు నెలలు ఇంట్లోవాళ్లు ఏం చేసినారో మనం ఆలోచించలేదు. ‘పాపం బిడ్డ, ఒక్కసారి మాట్లాడనీలే’ అని తల్లో తండ్రో దొంగచాటుగా తమ ఫోన్ ఇచ్చుంటే కోచ్ పెట్టిన నియమం ఒక్కరోజు కూడా నిలవదు. తండ్రి రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టి కూతురి వెంట తిరిగినాడు. వెంట ఉండడం వేరే పని, నేర్పించడం వేరే పని. అంత ఆట తెలిసినాయన ఆ తేడా పాటించినాడు.

పదకొండో నియమం నాకు అసలు గిట్టలేదు. ‘వరసగా మూడు సమావేశాలకు రాని తల్లిదండ్రుల పిల్లలను తొలగించడమైనది.’ సమావేశాలు ఎన్నింటికి? సాయంత్రం నాలుగింటికి. చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి పొయ్యే ఆడమనిషి నాలుగింటికి ఎట్లొస్తుంది? ఆటో దిగేసరికే చీకటి పడుతుంది. ఉద్యోగస్తుల పిల్లలే మిగలాలంటే ఇంకో మాట రాసుకోండి, ఈ నియమం వద్దు. సమావేశం రాత్రి ఏడున్నరకు పెట్టండి. రాలేనివాళ్ల ఇంటికి మనమే పోదాం. మా కాలంలో అయ్యవార్లు ఇళ్లకు వచ్చేవాళ్లు. భయపడి మేము గాదె వెనక దాక్కునేవాళ్లం గానీ, మా అమ్మకు మాత్రం అయ్యవారు ఇంటికొచ్చినాడని నెలరోజులు గొప్ప.

బూట్లు, యూనిఫాం, నీళ్ల బాటిల్, సమయానికి రావడం, వేసవిలో పొద్దున్నే రావడం, వీటి మీద ఐదు నియమాలున్నాయి. అన్నీ సరైనవే, చదువుకోండి. ఒక్కటి మాత్రం చేరుస్తా. మన ఎండల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. ఖాళీ కడుపుతో పంపించొద్దు. గుప్పెడు నానబెట్టిన శనక్కాయలు, ఒక గ్లాసు మజ్జిగ చాలు. కొనుక్కొచ్చే పొడులు ఏవీ అక్కర్లేదు.

ఇక కాగితంలో లేని సంగతులు.

మొదటిది ఆడపిల్లల మానిపించడం. తొమ్మిదో తరగతిదాకా ఆడతారు. పదిలోకి రాగానే, పండక్కి ముందో తర్వాతో, ఒకరోజు రారు. అడిగితే తమ్ముడొచ్చి చెప్తాడు, ‘అక్కను ఇంక పంపించరంట సార్’ అని. నా ఉద్యోగకాలంలో నేను ఎక్కువసార్లు విన్న వాక్యం అది. నలుగురు మంచి ఖోఖో ఆటగత్తెలున్న జట్టు సంక్రాంతి దాటేసరికి నలుగురూ లేని జట్టయిపోవడం చూసినా. పరీక్ష భయం నాకు అర్థమవుతుంది. పెళ్లి సంబంధం భయం, నలుగురేమంటారనే భయం కూడా అర్థమవుతాయి. నేను అడిగేది ఒక్కటే. మాన్పించాలనుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు వచ్చి చెప్పండి, బిడ్డను కూడా వెంట తీసుకురండి, ఆ మాట ఆ బిడ్డ ముందర చెప్పండి. ఆరు రోజులు వద్దంటే మూడు రోజులు చేద్దాం. పది పరీక్షల నెల మొత్తం వదిలేద్దాం. తిరిగి వస్తే చోటు ఉంటుందని సంఘం రాసివ్వాలి.

మన జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణిని చూడండి. తండ్రి మన ఆర్టీపీపీలో ఉద్యోగి. క్రికెట్ ఆడతానంటే ఇంట్లో నాన్నను ఒప్పించడానికి సమయం పట్టిందని ఆ అమ్మాయే చెప్పింది. ఒప్పుకున్నాక ఏమయిందో 2025 నవంబరు 2 రాత్రి మనందరం టీవీల్లో చూసినాం. ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఎడమచేతి స్పిన్నరు మన పక్కూరి పిల్ల. అయితే ఇంకో సంగతి గమనించండి. ఆ అమ్మాయి చిన్నప్పట్నించీ క్రికెట్టే ఆడలేదు. పరుగు పందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడినాక, పదహారేళ్ల వయసు దగ్గర క్రికెట్ పట్టింది. ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లోణ్ణి తీసుకొచ్చి ‘సార్, వీడు కబడ్డీ తప్ప ఏమీ ఆడొద్దు, ఈ ఏడాదే జిల్లాకు పోవాల’ అనేవాళ్లున్నారు. మీలో చీనీ రైతులున్నారు కదా. నాటిన రెండో ఏడు పూత వస్తే ఉంచుతారా, తుంచేస్తారా? తుంచేస్తారు, చెట్టు ఎదగాలని. నార్వే అనే చిన్న దేశంలో 1987 నుంచీ పిల్లల ఆటలకు నియమాలున్నాయి. అక్కడ పదకొండేళ్లు వచ్చేదాకా ర్యాంకులు, పాయింట్ల పట్టికలు ఉండవు. శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాలు ఎక్కువ గెలిచేది ఆ దేశమే. వాళ్ల మంచు మనకు లేదు గానీ ఆ నియమం తెచ్చుకోవచ్చు.

రెండోది వయసు. ఇది చెప్తే కొందరికి కోపమొస్తుంది. ‘రెండేళ్లు తగ్గించి రాయించండి సార్, అండర్ ఫోర్టీన్‌లో కొడతాడు’ అని నన్ను అడిగినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. 2024లో కొత్త క్రీడా విధానం ప్రకటించినప్పుడు మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచుతామన్నారు. మంచిదే. దాంతోపాటు సర్టిఫికెట్ మీద ఆశా పెరుగుతుంది. వయసు మోసాలను ఆపడానికి 2010 నుంచీ కేంద్రం నియమావళి ఉంది, మణికట్టు ఎముక ఎక్స్‌రే తీస్తే దొరికిపోతారు. దొరక్కపోయినా చూడండి. పదహారేళ్లవాడు పద్నాలుగేళ్లవాళ్లలో ఆడితే ఆ జట్టులో ఉండాల్సిన ఒక నిజమైన పద్నాలుగేళ్ల పిల్లోడు ఇంటికి పోతాడు. వాడూ ఈ ఊరివాడే. మీ వీధిలోవాడే అయ్యుంటాడు. మన కేంద్రంలో పేరు రాసేటప్పుడు జనన ధ్రువపత్రం నకలు తీసుకుంటాం. దానికీ బడి రికార్డుకూ తేడా ఉంటే పోటీలకు పంపించం. ఎవరి సిఫారసూ పనిచేయదు.

సిఫారసు అన్నాను కాబట్టి మూడోది. జెర్సీల మీద ఏ నాయకుడి బొమ్మా వద్దు. ఏ పార్టీ నాయకుడిదీ వద్దు. దాతల పేర్లు మైదానం గోడ మీద ఒకే సైజు అక్షరాలతో రాస్తాం. జట్లు ఊరువారీగా, వీధివారీగా కట్టం, కలిపి కడతాం. ఎందుకో ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. మన నాయనల కాలంలో ఒకరింటి గడప ఒకరు తొక్కనోళ్ల మనవళ్లు ఇప్పుడు ఒకే వరసలో కూర్చొని ఒకరికొకరు ఖో ఇచ్చుకుంటున్నారు. ఖో ఇవ్వాలంటే వీపు తట్టాలి.

మీ తరఫున ఇన్ని అడిగినాక సంఘం మీకేమిస్తుందో కూడా కాగితంలో ఉండాలి. ఇప్పుడు ఒక్క వాక్యం కూడా లేదు. ఆడపిల్లల సాధన ఉన్న ప్రతిరోజూ ఒక మహిళ మైదానంలో ఉండాలి. ఏ కోచ్ అయినా ఒంటరిగా ఒక బిడ్డతో గదిలో ఉండకూడదు, పిల్లల ఫోన్‌కు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదున్నా తల్లిదండ్రుల నంబరుకే. బయటి ఊరికి పోటీలకు తీసుకుపోతే ఎవరితో, ఏ బండిలో, ఎక్కడ బస అనేది రెండురోజుల ముందు రాసివ్వాలి. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు సంఘానిది. పిల్లలను కొట్టకూడదు. నా తోటి పూర్వ విద్యార్థులు కొందరు నిన్న గుంపుగా కూర్చొని, ‘ఆ బెత్తం దెబ్బలే మనల్ని మనుషుల్ని చేసినాయి’ అని మురిసిపోతున్నారు. నేను నమ్మను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, బెత్తాన్ని చూసి పరిగెత్తేవాడు బెత్తానికి దూరంగా పరిగెత్తుతాడు, స్తంభం వైపు పరిగెత్తడు.

గెలిస్తే సెల్‌ఫోన్ కొనిస్తా, ఓడితే అన్నం పెట్టను అనే మాటల మీద నియమం రాయమని ఒకాయన అడిగినాడు. ఇంటి లోపలి మాటలకు మనం నియమం రాయలేం. ఒక్కటి చెప్తా. ఓడిపోయిన రోజు ఇంటికి తీసుకుపోయేటప్పుడు మోటారు సైకిల్ మీద ఆట గురించి ఏమీ మాట్లాడొద్దు. ఆకలవుతోందా అని అడగండి చాలు. మిగతాది వాడే చెప్తాడు, తినేటప్పుడో, పడుకునేటప్పుడో.

కమిటీ నా మార్పులన్నీ ఒప్పుకోలేదు. గేటు సంగతి ఒప్పుకున్నారు. సమావేశం వేళ ఏడున్నరకు మార్చడానికి ఒప్పుకున్నారు. బొమ్మల్లేని జెర్సీల మీద ఇంకా చర్చ నడుస్తోంది, మీరు కూడా మీ మాట చెప్పండి. మార్చిన కాగితం ఆదివారానికి తెలుగులో పెద్దక్షరాలతో అచ్చయి వస్తుంది. చదవలేనివాళ్లకు పిల్లలే చదివి వినిపించాలి, పిల్లల ముందరే సంతకమో వేలిముద్రో వేయాలి. కోచ్‌లు, కమిటీవాళ్లు కూడా అదే కాగితం కింద సంతకం పెడతారు. వచ్చేటప్పుడు జనన ధ్రువపత్రం నకలు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు తెచ్చుకోండి. ఆయాసం, మూర్ఛ, గుండె జబ్బు లాంటివేవన్నా బిడ్డకుంటే దాచొద్దు, నాకు విడిగా చెప్పండి. సోమవారం సాయంత్రం ఐదున్నరకు సాధన మొదలవుతుంది. సున్నం నేను తెస్తా, గీత గీయడానికి ఇద్దరు నాయనలు కాస్త ముందుగా రండి.