చంద్రుని చుట్టూ వరదగుడి



కార్తీక మాసంలో ఒక్కొక్క రాత్రి చంద్రుని చుట్టూ తెల్లని వలయం కనిపిస్తుంది. వరదగుడి కట్టిందంటాం. దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన అని పెద్దల మాట. చేలో వరి పనలు పరచి వున్నవారికి యిది చిన్న సంగతి కాదు. తొందరపడి పచ్చి పనలు కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. ఆలస్యం చేస్తే వానకు తడిసి మొలకెత్తుతుంది. అందుచేత యీ గుడి ఏమిటో తెలిసికొందాం.

గుడి చంద్రుని దగ్గర లేదు. మనకు ఆరేడు కిలోమీటర్లకు పైన పల్చని పొరమబ్బు పరచుకొన్నప్పుడు ఏర్పడుతుంది. ఆ మబ్బులో వుండేవి ఆరు పలకల సన్నని మంచు పలుకులు. వెన్నెల ఒక పలకలో దూరి మరొక పలకనుంచి వచ్చేటప్పుడు సుమారు 22 డిగ్రీలు వంగుతుంది. అందువల్ల పెద్దగుడి ఎప్పుడూ ఒకే కొలతలో వుంటుంది. చెయ్యి బారచాపి జాన పట్టి, బొటనవేలి కొన చంద్రునిపై వుంచితే, చిటికెనవేలి కొన సుమారుగా గుడి అంచును తాకుతుంది.

చంద్రుని అంటుకొని, ఎర్రని అంచుతో కనిపించే చిన్నగుడి వేరు. అది యింకా కిందనుండే పల్చని మబ్బులోని నీటి తుంపరలవల్ల వస్తుంది. అంతేగాని ఒకే గుడి దగ్గరకూ దూరానికీ జరగదు.

మరి పెద్దల మాట ఉత్తదేనా? కాదు. బంగాళాఖాతంలో తుపాను పుడితే దాని పైమబ్బు వందల కిలోమీటర్లు ముందుగా పరచుకొంటుంది. అప్పుడు పెద్దగుడి కట్టవచ్చు. అయితే ఎక్కడో ఉరిమి చల్లారిన మబ్బు పొర మనవైపు వచ్చినా కడుతుంది. కాబట్టి గుడి కట్టినప్పుడల్లా వాన రాదు. గుడి కట్టకుండా కూడా వాన వస్తుంది.

గుడి కనబడితే కొంతసేపటికి మళ్ళీ చూడండి. గుడి మాసిపోయి, చంద్రుడు నూనె కాగితం చాటున వున్నట్టు మసకబారితే మబ్బు చిక్కబడుతున్నదన్నమాట. జాగ్రత్త పడాలి. ఏమైనా ఆ రాత్రే వాతావరణ శాఖవారి సూచన వినండి. వాన వుందంటే కోత ఆపండి, మురుగు కాలువలు బాగు చేసికోండి. ఆరిన పనలను మెరకమీద కుప్ప వేసి టార్పాలిన్ కప్పండి. అప్పటికే తడిసిన పనలపై పది లీటర్ల నీటికి అర కిలో ఉప్పు చొప్పున కలిపి చల్లితే మొలక రావడం తగ్గుతుంది.

సముద్రతీర గ్రామాలవారికి ఒక్క మాట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఊరు విడిచి పొమ్మని అధికారులు చెప్పినప్పుడు ఆకాశంవైపు చూస్తూ ఆగకండి. ధాన్యం మళ్ళీ పండించుకోవచ్చు.

గుడి చూసి వార్త వినండి, విన్న తరువాతే కొడవలి పట్టండి. సెలవు.